పెళ్ళిపందిట్లో మేళమా, డీజేనా?

కుప్పం దాటితే ఒకవైపు కృష్ణగిరి జిల్లా, మరొకవైపు కోలారు జిల్లా. మూడు రాష్ట్రాలు కలిసే ఈ ప్రాంతంలో తెలుగు కుటుంబాల వియ్యాలకు సరిహద్దు రాళ్ళు ఏనాడూ అడ్డు కాలేదు. పిల్లది హోసూరు వైపు, పిల్లవాడిది ముళబాగిలు వైపు కావడం ఇక్కడ సర్వసాధారణం. ఇటువంటి సంబంధాలలో మండపం, వంటవారు కుదిరిన తరువాత ఈ మధ్యకాలంలో తప్పక తలెత్తుతున్న ప్రశ్న ఒకటి ఉన్నది: మేళం పెట్టాలా, డీజే పెట్టాలా? పెద్దలు మేళమంటారు, యువకులు డీజే అంటారు. చాలాచోట్ల దీనిని అభిరుచి భేదంగా భావించి, ఎవరి పట్టు గట్టిదైతే వారి మాట నెగ్గనిస్తున్నారు. నిజానికి ఇందులో వివాహ సంస్కారం, కొన్ని కుటుంబాల జీవనం, ఇరుగుపొరుగుల నిద్ర ఇమిడి ఉన్నాయి.

ముందుగా మేళం చేసే పని ఏమిటో గమనించాలి. మాంగల్యధారణ వేళ పురోహితుడు సైగ చేయగానే నాదస్వరం, డోలు ఒక్కసారిగా ఉద్ధృతంగా మ్రోగుతాయి. దీనిని తెలుగులో గట్టిమేళం, కన్నడంలో గట్టిమేళ, తమిళంలో కెట్టిమేళం అంటారు. ఆ క్షణాన తుమ్ము గానీ, అశుభమైన మాట గానీ వధూవరుల చెవిన పడరాదన్నది పెద్దల నమ్మకం. భాష ఏదైనా ఆ ధ్వనికి అందరూ అక్షతలు అందుకుంటారు. ముహూర్తం రెండు నిమిషాలు అటూ ఇటూ అయినా, మంత్రం సాగినా, తలంబ్రాల వద్ద నవ్వులాట ముదిరినా మేళగాండ్రు కళ్ళతో చూచి వాద్యాన్ని పెంచుతారు, తగ్గిస్తారు, ఆపుతారు. తెల్లవారుజామున భూపాలం, శుభకార్య సమయాన ఆనందభైరవి ఎత్తుకోవడం వారికి తెలిసిన విద్య. ముందే ముద్రించిన పాటకు పందిట్లో జరుగుతున్నది కనిపించదు.

అలాగని డీజేను కేవలం వెర్రిగా కొట్టిపారేయడం న్యాయం కాదు. సరిహద్దు పెళ్ళిలో వరుని స్నేహితులు కన్నడ పాట అడుగుతారు, వధువు తోడి విద్యార్థినులు తమిళ పాట అడుగుతారు, బంధువులు తెలుగు పాట కోరుతారు. ఒకే యంత్రం ముగ్గురి ముచ్చటా తీర్చగలదు. పైగా మంచి ముహూర్తమున్న రోజున ఒకే ప్రాంతంలో అనేక వివాహాలు జరుగుతాయి. ఉన్న కొద్ది మేళాలను ముందే ఎవరో కుదుర్చుకొని ఉంటారు. రెండు నాదస్వరాలు, రెండు డోళ్ళు, శ్రుతి, తాళం కలిస్తే ఆరుగురి కూలి, ప్రయాణం, భోజనం చూడాలి. డీజే అయితే ఒక్కరితో బేరం తెగుతుంది. మధ్యతరగతి తండ్రికి ఈ సౌలభ్యం చిన్నది కాదు.

మేళాలు ఎందుకు తగ్గాయన్న ప్రశ్నకు డీజే ఒక్కటే సమాధానం కాదు. నాదస్వరం, డోలు ఈ ప్రాంతంలో ఎక్కువగా నాయీబ్రాహ్మణ కుటుంబాల వృత్తి. డప్పు మాదిగ కుటుంబాలది. ఊరిలో ఈ విద్యను కళగా కాక, కులం మీద మోపిన సేవగా చూచినవారే ఎక్కువ. అందరి పంక్తులూ లేచిన తరువాత భోజనం, పెళ్ళివారు సర్దుకున్న తరువాత డబ్బు, అదీ బేరమాడిన మొత్తంలో కొంత కోత! ఇది చూస్తూ పెరిగిన కుమారుడు తండ్రి సన్నాయిని అటకెక్కించి పట్టణంలో ఉద్యోగం వెతుక్కుంటే, లేదా తానే డీజే వాహనం నడుపుకుంటే అతనిని తప్పు పట్టే హక్కు ఊరికి లేదు.

అదే విద్య గౌరవం దొరికిన చోట ఎంత ఎత్తుకు ఎదిగిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలును. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానా తమిళనాడులోని శ్రీరంగంలో స్థిరపడి నాదస్వర విద్వాంసులలో అగ్రగణ్యులయ్యారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఆయన పరంపరకు చెందిన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించింది. మతం గానీ, రాష్ట్రపు ఎల్లలు గానీ, స్త్రీ పురుష భేదం గానీ ఈ వాద్యానికి అడ్డు కాలేదు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానముల ఆధ్వర్యంలో నాదస్వర, డోలు పాఠశాల నడుస్తున్నది. నేర్చుకోవడానికి చోటు ఉన్నది; నేర్చుకున్నవారికి మర్యాదతో కూడిన పిలుపులు ఉండాలి.

ఇక చట్టం సంగతి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు మూడు రాష్ట్రాలలోనూ ఒకటే. అధికారుల లిఖితపూర్వక అనుమతి లేకుండా లౌడ్‌స్పీకరు వాడరాదు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు పరిమితి. ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు మూసిన సభామందిరాల లోపల తప్ప లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం. సర్వోన్నత న్యాయస్థానం 2005 జులైలో ఈ నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. 2010 సవరణతో వాద్యాలు కూడా ఇందులో చేరాయి. కాబట్టి తెల్లవారుజామున 4 గంటల ముహూర్తానికి మండపం తలుపులు మూసి మేళం వాయించుకోవచ్చు గానీ, ఆ వేళ వీధిలో ఊరేగడం డోలుతోనైనా తప్పే. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించేవరకు వెళ్ళారంటే ఈ శబ్దం ఎంత సమస్యగా మారిందో ఊహించవచ్చు.

ఆరోగ్యం మాటకు వస్తే, 85 డెసిబెళ్ళ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చునని, ప్రతి 3 డెసిబెళ్ళ పెరుగుదలకు ఆ వ్యవధి సగమవుతుందని కార్మికుల వినికిడిపై పరిశోధించిన అమెరికా సంస్థ లెక్క. ఆ ప్రకారం 100 డెసిబెళ్ళ వద్ద క్షేమకరమైన వ్యవధి 15 నిమిషాలే. పెట్టెల ముందు రెండు గంటలు నృత్యం చేసే పిల్లలను, పక్క ఇంట్లోని గుండె జబ్బు వృద్ధులను, మరునాడు పరీక్ష వ్రాయవలసిన విద్యార్థిని తలచుకొంటే చాలు.

రాయల్టీ గురించి కూడా కొందరికి భయం ఉన్నది. వివాహానికి, దానికి సంబంధించిన వేడుకలకు సినిమా పాటలు వాడుకోవడం కాపీరైటు ఉల్లంఘన కాదని కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో స్పష్టం చేసింది. మేళమైనా, డీజే అయినా ఇది వర్తిస్తుంది.

వీటన్నింటికన్నా నిశ్శబ్దంగా జరిగిపోతున్న నష్టం వేరొకటి ఉన్నది. నలుగు పెట్టేటప్పుడు, మంగళహారతి ఇచ్చేటప్పుడు, అప్పగింతల వేళ అమ్మమ్మలు, పెద్దమ్మలు పాడే పాటలు సరిహద్దు ఇళ్ళలో తెలుగుకు మిగిలిన గట్టి ఆశ్రయాలలో ఒకటి. తమిళనాడులో 2006 చట్టం తరువాత బడి చదువు క్రమంగా తమిళం వైపు మళ్ళింది. కర్ణాటకలో పిల్లలు కన్నడంలోనో, ఆంగ్లంలోనో చదువుతున్నారు. తమ భాషలో పాట ఎలా ఉంటుందో పిల్లలు పెద్దల నోట వినే అవకాశం ఇటువంటి శుభకార్యాలలోనే. ఆ ముసలి గొంతుకు మైకు అక్కరలేదు; కాసేపు నిశ్శబ్దం కావాలి. మేళగాండ్రు ఆ పాట మొదలు కాగానే వాద్యం దించుతారు. పెట్టెల హోరులో ఆమె నోరు కదలడమే కనిపిస్తుంది.

కనుక ఒకటి ఉంచి రెండవది తరిమివేయనక్కరలేదు. దేని చోటు దానికి నిర్ణయించడమే వివేకం. నిశ్చయ తాంబూలాల నాడే ఇరుపక్షాల పెద్దలు కూర్చొని, ముహూర్తం, తలంబ్రాలు, అప్పగింతలు మేళానికి, ఇంటి ఆడవారి పాటలకు విడిచిపెట్టవచ్చు. ముందురోజు సాయంకాలపు వినోదానికి డీజే కావాలంటే అనుమతి పత్రం తీసుకొని, 10 గంటలకు ముందే ఆపేటట్లు, పెట్టెలు ఇళ్ళవైపు తిప్పకుండేటట్లు డబ్బు ఇచ్చేముందే కాగితం మీద వ్రాయించుకోవచ్చు. మేళగాండ్రను ముహూర్తం కుదిరిన వారంలోనే పిలిచి, బయానా ఇచ్చి, మిగిలినది మాంగల్యధారణ ముగిసిన వెంటనే తాంబూలంతో చేతికి అందించాలి. వారి విస్తళ్ళు బంధువుల పంక్తిలోనే వేయాలి. ఈ చివరి మాట పాటించని ఇంటివారు మేళాలు దొరకడం లేదని వాపోతే, ఆ లోటుకు కొంత కారణం వారి పందిట్లోనే ఉన్నదని గ్రహించాలి.