అడవిలో వెన్నెల వృథా కాదు

 

తెలుగులో "అడవి గాచిన వెన్నెల" అని ఒక జాతీయం ఉంది. ఎవరికీ పనికిరాకుండా పోయింది అని అర్థం. పరీక్షలో మనం కూడా అలాగే రాస్తాం, మార్కు వస్తుంది. కానీ నాకో సందేహం. అడవిలో మనుషులు లేరని ఎవరు చెప్పారు? ఆ వెన్నెల్లోనే మన ఊళ్ళలో థింసా ఆడతారు. ఆ వెలుగులోనే తెల్లారకముందే ఇప్పపూలు ఏరడానికి పోతారు. సరే, మనుషులు లేరే అనుకుందాం. జింక మేస్తాది, గుడ్లగూబ వేటాడతాది. వాటికి పనికొస్తే పనికొచ్చినట్టు కాదా?

ఇంకో మాట "పిచ్చి మొక్కలు". శ్రమదానం రోజు అవి పీకమంటారు, పీకేస్తాం. పీకిన కుప్పలో తుమ్మి ఉంటాది, పొన్నగంటి ఉంటాది, ఉత్తరేణి ఉంటాది. మొదటి రెండూ కూర వండుకుంటాం. ఉత్తరేణితో పళ్ళు తోముకుంటారు. మొక్కకి పిచ్చేమిటి? పేరు తెలిస్తే పీకే ముందు చెయ్యి ఆగుతుంది.

మాటలో ఏముంది, పేరు మారితే చెట్టు మారుతుందా అని కొందరంటారు. వెదురు సంగతి చూడండి. సైన్సు ప్రకారం వెదురు గడ్డి జాతి. కానీ 1927 నాటి భారత అటవీ చట్టం దాన్ని "చెట్టు" అని రాసింది. చెట్టు అంటే కలప, కలప అంటే కొట్టడానికీ మోసుకెళ్ళడానికీ పర్మిషన్. 2006 అటవీ హక్కుల చట్టం వెదురుని తేనె, తునికాకులతో పాటు చిన్నతరహా అటవీ ఉత్పత్తి అంది, మనకి హక్కు వచ్చింది. 2017లో పాత చట్టంలోని "చెట్టు" అర్థంలోంచి వెదురుని తీసేశారు. అంటే 90 ఏళ్ళు పట్టింది! ఇన్నేళ్ళలో వెదురు ఏమీ మారలేదు, మాటే మారింది.

మన మాటల్లో కూడా చట్టాలున్నాయి. "మామిడి కొత్త" అంటే పండగ. ఊరి దేవతకి పెట్టేవరకు కొత్త మామిడికాయ ఎవరూ తినకూడదు. అప్పటిదాకా కాయ చెట్టు మీదే ముదురుతాది. ఏ కాగితం మీదా లేదు, ఆ రెండు మాటల్లోనే ఉంది.

తెలుగు వద్దని నేననడం లేదు. తెలుగు వచ్చింది కాబట్టే ఇది రాస్తున్నాను. మా ఇంట్లో బడికొచ్చింది నేనే మొదలు. మా అమ్మకి అక్షరం రాదు గాని, ఏ ఆకు ఏ నెలలో తినాలో తెలుసు. ఆ పేర్లు ఏ పుస్తకంలోనూ రాసి లేవు. మేం హాస్టల్లో ఉండి అవి మర్చిపోతే ఇంక చెప్పేవాళ్ళు ఉండరు. ఇంటి భాష మాట్లాడితే ఇక్కడ నవ్వుతారు. నవ్వకండి.

నా కోరిక ఒక్కటే. సెలవులకి వెళ్ళినప్పుడు ప్రతి ఒక్కరూ అమ్మనో అవ్వనో అడిగి పది మొక్కల పేర్లు ఇంటి భాషలో రాసుకు రావాలి. మేడమ్ గారు ఒప్పుకుంటే అట్టముక్కల మీద రెండు భాషల్లోనూ రాసి మన ఆవరణలో కడదాం. ఆ తర్వాత శ్రమదానం చేద్దాం.

— 9వ తరగతి విద్యార్థిని