అద్దె చిరునామా

2024 మార్చిలో మా ఇంటర్నెట్ కంపెనీ నుంచి ఒక ఈమెయిలు వచ్చింది. విషయం: "మీ సేవలలో మార్పులు". ఇలాంటి శీర్షికతో వచ్చినవాటిని మీలో ఎంతమంది తెరిచి చదువుతారో నాకు తెలియదు గానీ, నేను మాత్రం చదవలేదు. అసలు ఆ మెయిల్‌బాక్సు నేను తెరిచేదే నెలకో రెణ్ణెల్లకో ఒకసారి. అరవై రోజుల గడువిచ్చారు. నేను చూసేసరికి పదకొండు రోజులు మిగిలాయి.

మేముండేది మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న ఊరు. వైటూకే పుణ్యమా అని 1998లో వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాం. కంపెనీ కూడా ఊరికి తగ్గదే. మొదట్లో ఒక కొట్టు వెనక గదిలో మోడెములు వరసగా పేర్చి డయలప్ ఇచ్చేవారు. తరవాత డీఎస్ఎల్ వచ్చింది. ఆ తరవాత ధాన్యం నిలవచేసే పొడుగాటి ఎలివేటర్ల నెత్తిన యాంటెన్నాలు బిగించి, చుట్టుపక్కల పొలాల్లో ఉన్న ఇళ్ళకి వైర్‌లెస్ కనెక్షన్లు ఇచ్చారు. ఇప్పుడు ఫైబరు. ఫోన్ చేస్తే ఈనాటికీ మనిషే పలుకుతాడు. అందుకే పెద్ద కంపెనీలు ఎన్ని ఆశలు పెట్టినా మేం మారలేదు.

ఆ మెయిల్లో చెప్పిన మార్పులు మూడు. డీఎస్ఎల్ తీసేసి అందర్నీ ఫైబరుకి మారుస్తారు. సంతోషం. ఖాతాతోపాటు ఇచ్చిన హోమ్ పేజీ జాగా ఎత్తేస్తారు. నా పేజీలో 1999 నుంచీ "నిర్మాణంలో ఉంది" అన్న బొమ్మ ఒక్కటే ఉంది కాబట్టి లోకానికొచ్చిన నష్టమేమీ లేదు. మూడోది, ఈమెయిలు సేవ పూర్తిగా ఆపేస్తారు. గడువు దాటాక పాత ఉత్తరాలన్నీ చెరిపేస్తారు.

అక్కడ ఆగిపోయాను. అందులో మా నాన్నగారి ఉత్తరాలున్నాయి.

ఆయన బడిపంతులుగా రిటైరయ్యాక తెనాలిలో ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళి, గంటకి 30 రూపాయలు కట్టి, ఆర్టీఎస్‌లో తెలుగు ఉత్తరాలు రాసేవారు. రైస్ విశ్వవిద్యాలయంలోని మనవాళ్ళు తయారుచేసిన ఆ పద్ధతిని నేనే ఒక కాగితం మీద రాసి పంపాను. "త"కి చిన్న టీ, "ట"కి పెద్ద టీ. షిఫ్టు నొక్కడం మరిచిపోతే "మాట" కాస్తా "మాత" అయ్యేది. మళ్ళీ ఉత్తరంలో దానికో క్షమాపణ. యూనికోడు వచ్చి, జీమెయిలు వచ్చి, నేను కొత్త అడ్రసు ఇస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. "ఇదొక్కటే నోటికొచ్చింది, మార్చకు" అన్నారు. ఆయన 2009లో పోయారు. ఆ మాట కోసమే ఆ మెయిల్‌బాక్సు ఉంచుకున్నాను. ఉంచుకున్నానని అనుకున్నాను, అంతే. అది నాది కాదు, అద్దెది.

పగలంతా బ్యాంకుల డేటాకి రెండు మూడు చోట్ల కాపీలు పెట్టించే ఉద్యోగం నాది. సొంత ఉత్తరాలకి ఒక్క కాపీ లేదు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది. కంపెనీకి ఫోన్ చేస్తే, యజమానే మాట్లాడి ఇంకో నెల గడువిచ్చాడు. ఐమ్యాప్‌తో థండర్‌బర్డ్‌లోకి అన్నీ దింపుకున్నాను. అయితే 2003కి ముందువి దొరకలేదు. అప్పట్లో నేను వాడింది పాప్. సర్వరు మీద ఉంచకుండా నా కంప్యూటర్లోకి లాగేసేది. ఆ కంప్యూటర్ని ఇల్లు మారినప్పుడు నేనే పారేశాను.

మరి కంపెనీని తిట్టాలా? నా మటుకు నాకు అలా అనిపించలేదు. ఒక చిన్న కంపెనీ సొంతంగా మెయిల్ సర్వరు నడపడం ఈ రోజుల్లో గుదిబండే. వచ్చే స్పామును ఆపాలి. ఒక ఖాతాదారు పాస్‌వర్డు దొంగలపాలై స్పాము బయటికి పోతే, మొత్తం సర్వరు నల్లజాబితాలో పడుతుంది. ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ సరిగా పెట్టకపోతే పెద్ద కంపెనీలు మన ఉత్తరం గుమ్మంలోనే ఆపేస్తాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నిబంధనలు ఇంకా బిగించాయి. ఇంత చాకిరీకీ విడిగా పైసా రాదు. పెద్దవాళ్ళే వదిలించుకున్నారు. వెరిజాన్ 2017లో మెయిలు సేవ మానేసింది, కాక్స్ 2024లో తన ఖాతాదారుల్ని యాహూకి అప్పగించింది. చిన్నవాడి నుంచి అంతకన్నా ఎలా ఆశిస్తాం?

అయితే మానెయ్యడం వేరు, మానేసే పద్ధతి వేరు. మెయిల్‌బాక్సు మూసేస్తున్న కబురు ఆ మెయిల్‌బాక్సుకే పంపితే ఎలా? ప్రతినెలా బిల్లు పోస్టులో వస్తుంది కదా, అందులో ఒక కాగితం పెట్టొచ్చు. కనీసం ఆరు నెలల గడువు, ఏడాదిపాటు కొత్త అడ్రసుకి ఫార్వర్డింగు, పాత ఉత్తరాలు ఒక్క ఫైలుగా దింపుకునే వీలు. ఇంకొకటి ముఖ్యం: ఆ కంపెనీ డొమైను పేరు మాత్రం వదిలెయ్యకూడదు. వదిలితే ఎవడో కొనుక్కుని, మన బ్యాంకు పంపే పాస్‌వర్డు లింకులు తీరిగ్గా అందుకుంటాడు. నేను అడిగితే ఆ యజమాని, పదేళ్ళకి ముందే కట్టేశామన్నాడు. ఆ మాట ఉత్తరంలో రాసి ఉంటే ఎంత బాగుండేది!

ఈ మాటలు అనే హక్కు నాకు పూర్తిగా ఉందని చెప్పలేను. మా ఆఫీసులో పాత సర్వీసు మూసినప్పుడు "ముప్పై రోజుల్లో నిలిపివేయబడును" అన్న నోటీసు రాసింది నేనే. అవతల ఎవరి ఉత్తరాలున్నాయో ఆలోచించలేదు. మీలో చాలామంది ఇలాంటి నోటీసులు రాసే ఉంటారు. ఈసారి రాసేముందు ఒక్కసారి ఆగండి.

ఫోను నంబరు విషయంలో చూడండి. అమెరికాలో 1996 టెలికమ్యూనికేషన్ల చట్టం పుణ్యాన కంపెనీ మారినా ఇంటి నంబరు మనతోనే వస్తుంది. 2003 నవంబరు నుంచి సెల్‌ఫోనుకీ అంతే. భారతదేశంలో 2011 జనవరికల్లా మొబైలు నంబర్లకి దేశమంతటా ఆ సదుపాయం వచ్చేసింది. ఈమెయిలు అడ్రసుకి మాత్రం అటువంటి రక్షణ లేదు. "ఎట్" గుర్తుకి కుడివైపున ఎవరి పేరుంటే అడ్రసు వాళ్ళది. జీమెయిలైనా ఇంతే, ఇల్లు పెద్దదైనంత మాత్రాన అద్దె ఇల్లు సొంతమవదు.

కాబట్టి నేను చివరికి మా ఇంటిపేరుతో ఒక డొమైను కొన్నాను. ఏడాదికి పదీ పదిహేను డాలర్లు. మెయిలు నడిపేది వేరే కంపెనీయే. వాళ్ళు రేపు మానేస్తే ఎంఎక్స్ రికార్డు మార్చుకుంటాను, అడ్రసు మారదు. రెన్యూవలు దానంతటదే జరిగేలా పెట్టుకోవాలి. రిజిస్ట్రారు దగ్గర ఖాతాకి మాత్రం వేరే అడ్రసు ఇవ్వాలి. లేదంటే తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టే.

ఈ శనివారం ఒక గంట కేటాయించండి. మీ పాత అడ్రసు ఇంకా ఏ బ్యాంకులో, ఏ రిటైర్మెంటు ఖాతాలో, ఇండియాలో ఏ ఇన్‌కంటాక్సు లాగిన్‌లో ఉందో చూసుకోండి. అమ్మానాన్నల ఉత్తరాలు ఎక్కడున్నాయో వెతికి, ముందు అవి దింపుకోండి. "మీ సేవలలో మార్పులు" అన్న మెయిలు ఈపాటికే మీకు వచ్చి, చదవకుండా ఉండిపోయిందేమో.