ఈమెయిల్ తాళపుచెవి ఎవరి చేతిలో?

సింగరేణి కొలువు కోసం ఒకప్పుడు ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకుని పోస్టుమ్యాన్ కోసం ఎదురుచూసేవారు. 2022లోను, 2024లోను సంస్థ ప్రకటించిన ఉద్యోగాలకు దరఖాస్తులు ఆన్‌లైన్‌లోనే తీసుకున్నారు. రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో పేరు నమోదుకు సెల్ నంబరుతోపాటు ఈమెయిల్ కూడా అడుగుతారు. ఆ ఈమెయిల్‌కు తాళం పడితే నిరుద్యోగి గతి ఏమిటి?

కమాన్‌పూర్ మండల గ్రామాల్లో చాలామందికి ఈమెయిల్ పుట్టేది జిరాక్స్ దుకాణంలో. అక్కడ రద్దీ. కుర్రవాని ఫోనులో చార్జింగు ఉండదు. దుకాణదారు తన నంబరే కొట్టి, పాస్‌వర్డు తన నోటుబుక్కులో రాసుకుంటాడు. రెండేళ్లకు పని పడేసరికి ఆ నోటుబుక్కు ఉండదు, ఒక్కోసారి దుకాణమే ఉండదు. సొంత నంబరు ఇచ్చినవారికీ చిక్కులు లేకపోలేదు. తొంభై రోజులు వాడని సిమ్మును కంపెనీ తీసివేయవచ్చు. మరో తొంభై రోజులు గడిచాక ఆ నంబరు వేరొకరికి పోవచ్చు. అప్పుడు మన కోడ్ ఎవరి ఫోనులోనో మోగుతుంది.

జీమెయిల్‌కు తాళం పడినవారు తెలుసుకోవలసిన మొదటి మాట: దాన్ని తెరిపించే ఆఫీసు గానీ, ఫోను నంబరు గానీ గూగుల్‌కు లేదు. 'మీ మెయిల్ తెరిపిస్తాం' అని డబ్బో ఓటీపీయో అడిగేవాడు దొంగ. మోసపోయినవారు వెంటనే 1930కి ఫోను చేయాలి. దారి ఒక్కటే. 'పాస్‌వర్డ్ మరిచిపోయాను' అన్నచోట నొక్కి అడిగిన వాటికి జవాబు చెప్పాలి. పాత పాస్‌వర్డుల్లో గుర్తున్నది రాయాలి. తెలియదని దాటవేయడం కంటే అదే మేలు. ఇదివరకు మెయిల్ తెరిచిన ఫోను లేదా కంప్యూటరు నుంచి, అదే చోటు నుంచి ప్రయత్నించాలి. యంత్రం పాత పరిచయాన్ని గుర్తుపడుతుంది. చిత్రమేమంటే, చిక్కు తెచ్చిన ఆ దుకాణం కంప్యూటరే ఒక్కోసారి చిక్కు విప్పుతుంది!

మెయిల్ ఇంకా తెరుచుకుంటున్నవారు ఈ వారంలోనే సొంత నంబరు, ఇంట్లో మరొకరి మెయిల్ అందులో చేర్చుకోవాలి. నంబరు మార్చినా వారం రోజులదాకా పాత నంబరుకు కోడ్ వెళ్లే వీలుంది కనుక గడువు ముందురోజుదాకా ఆగరాదు. రెండంచెల తనిఖీ పెట్టుకుంటే ఎనిమిది అంకెల కోడ్‌లు పది ఇస్తారు. ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని కాగితంపై రాసి రేషన్ కార్డుతోపాటు దాచుకోవచ్చు. రెండేళ్లు ముట్టని ఖాతాను గూగుల్ తొలగించవచ్చని కూడా గుర్తుంచుకోవాలి.

దుకాణదారులను నిందించడం మా ఉద్దేశం కాదు. వారే లేకపోతే సగం దరఖాస్తులు వెళ్లవు. అయితే రుసుము తీసుకున్నప్పుడు నంబరు వచ్చినవానిదే వేయాలి, పాస్‌వర్డు వాని కాగితం మీదే రాసివ్వాలి.

అసలు బాధ్యత ఉద్యోగాలు ప్రకటించేవారిది. మెయిల్ పోగొట్టుకున్న అభ్యర్థి ఆధార్ చూపి, స్వయంగా వచ్చి కొత్త మెయిల్ నమోదు చేసుకునే ఏర్పాటు ఉండాలి. సింగరేణి రామగుండం-3 ఏరియా కార్యాలయం సెంటినరీ కాలనీలో ఉన్నది. వచ్చే నోటిఫికేషన్ నాటికి, దరఖాస్తులు తీసుకునే రోజుల్లో అక్కడ ఈ పనికి ఒక గుమాస్తాను కూర్చోబెట్టవలసిందిగా యాజమాన్యాన్ని కోరుతున్నాము.