దగ్గును దాచిపెట్టించింది ఎవరు?

సార్లు, మేడమ్‌లు కూడా ఈ గోడ దగ్గర ఒక్క నిమిషం నిలబడి చదవాలని కోరుకుంటున్నాను.

2025 జనవరిలో హెచ్.ఎం.పి.వి. అనే మాట మన హాలంతా తిరిగింది గుర్తుందా? బెంగుళూరులో ఇద్దరు చంటిబిడ్డలకు ఆ వైరస్ ఉందని జనవరి 6న ప్రకటించారు. చెన్నైలో ఒకరికి, సేలంలో ఒకరికి వచ్చిందని తమిళనాడు వాళ్లు చెప్పారు. చెన్నై అంటే మనకెంత దూరం? తడ స్టేషన్లో లోకల్ ఎక్కితే చాలు. "ఆ రైల్లోనే వచ్చేస్తది" అని ఒకటే భయం. మూతికి చున్నీలు కట్టుకుని తిరిగాం. తీరా చూస్తే అది కొత్త రోగమే కాదు. 2001లోనే నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు దాన్ని కనిపెట్టారు. అంతకుముందు ఎన్నో ఏళ్లుగా మనుషుల్లో ఉన్నదే. 2023 చివర్లో ఉత్తర చైనాలో పిల్లల ఆసుపత్రులు నిండిపోయినప్పుడు కూడా ఇంతే. చివరికి తేలినవి ఫ్లూ, మైకోప్లాస్మా లాంటి పాత క్రిములే.

పేరున్న రోగానికి అంత భయపడినవాళ్లం, మన హాల్లోని పేరు లేని దగ్గుకి ఏం చేశాం?

మన పక్క కార్తీకం వానలు పోయి మంచు పడే రోజుల్లో దగ్గు లేని హాస్టలు ఉండదు. పోయిన చలికాలం ఆరో తరగతి చెల్లెలు ఒకామెకి దగ్గు పట్టుకుంది. ఆమె చాప, ట్రంకుపెట్టె తలుపు దగ్గరికి జరిపేశాం. "మాకు అంటించొద్దు మే" అన్నాం. అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. "ఎక్కువ దగ్గితే ఇంటికి పంపేస్తారు" అని ఎవరో బెదిరించారు. ఆ పిల్ల ఇంటికి పోతే ఎవరుండారు? అమ్మానాయన ఇటుక బట్టీ పనికి పోయి ఉండారు. ముసలి అవ్వ ఒక్కతే. అందుకని రాత్రిళ్లు దుప్పటి నోట్లో కుక్కుకుని దగ్గింది. ఐదో రోజు ప్రేయర్లో కూలబడిపోయింది. ఆసుపత్రిలో న్యుమోనియా అన్నారు. తొమ్మిది రోజులకి బాగై తిరిగొచ్చింది. వచ్చీరాగానే నన్ను అడిగిన మాట, "అక్కా, నా చాప యాడ వేసుకునేది?"

దగ్గే పిల్లను ఇంటికి పంపితే మిగతావాళ్లకి మంచిదే కదా అని కొందరంటారు. నేను ఒప్పుకోను. దగ్గు బయటపడేసరికే అది పక్క చాపలకు పాకి ఉంటుంది. పైగా మన ఇళ్లు ఎట్లాంటివి? ఒకటే గది, అందులోనే తుమ్మకంపల పొయ్యి, ఆ పొగలోనే చంటి తమ్ముడు. పిల్లల్లో న్యుమోనియా ఎక్కువగా చంపేది ఐదేళ్లలోపు వాళ్లనే. ఇంట్లో పొగ ఉంటే ఆ ప్రమాదం దాదాపు రెండింతలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే మనం దగ్గును పోగొట్టడం లేదు, ఆ బిడ్డ దగ్గరికి పంపుతున్నాం.

ఇంకో సంగతి. ఆ పిల్లకి ఒకరు అంగట్లో కొన్న దగ్గు సిరప్ రెండు మూతలు తాగించారు. మంచికే చేశారు. కానీ 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో కోల్డ్‌రిఫ్ అనే సిరప్ తాగి ఇరవై మందికి పైగా పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. అది తయారైంది యాడనో కాదు, కాంచీపురం జిల్లాలో. పరీక్ష చేస్తే డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉంది. అన్ని సిరప్‌లూ విషమని నేననను. కానీ ఐదేళ్లలోపు పిల్లలకు దగ్గు మందులు మామూలుగా వాడనక్కర్లేదని కేంద్ర ఆరోగ్య శాఖే ఆ అక్టోబరులో చెప్పింది.

సిరప్ కొనే బదులు సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు ఒక పని చేయండి. చంటిబిడ్డ దగ్గుతుంటే, ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డకి 50 గానీ అంతకుమించి గానీ ఉంటే, ఏడాది నుంచి ఐదేళ్లలోపు బిడ్డకి 40 గానీ అంతకుమించి గానీ ఉంటే న్యుమోనియా అనుకోవాలి. డొక్కలు ఎగరేస్తా ఉంటే ఇంక ఆలోచించొద్దు, ఆసుపత్రికే. న్యుమోనియా టీకా 2021 నుంచి దేశమంతా ఉచితంగా వేస్తున్నారు. 6 వారాలకి, 14 వారాలకి, 9 నెలలకి. మీ ఇంటి బిడ్డకి వేయించారా అని అమ్మని అడగండి.

వార్డెన్ మేడమ్‌కి నాదొక మనవి. దగ్గు వచ్చిందని చెప్పుకున్న పిల్లని ఇంటికి పంపరని, పరీక్ష పోతే మళ్లీ పెడతారని ప్రేయర్లో అందరి ముందు ఒక్క మాట చెప్పండి. చలికని కిటికీలన్నీ బిగించి మేమంతా ఒకే గాలి పీలుస్తున్నాం. రెండన్నా తెరిపించండి. మేం తిట్టుకుంటాం, అయినా తెరిపించండి.

ఆ చెల్లెలి చాప ఇప్పుడు నా చాప పక్కనే ఉంది. దగ్గు వస్తే ఏ రాత్రయినా నన్ను లేపమన్నాను. మొన్న అర్ధరాత్రి లేపింది. దగ్గు కాదంట, దాహమంట.

— ఒక విద్యార్థిని, 9వ తరగతి