కొరత అనకండి, కులం అనండి

ఐర్లండ్‌లో 1845లో మొదలైన బంగాళాదుంప కరువు గురించి ఢిల్లీ సెమినార్లలో బాగానే మాట్లాడతారు. తిండిగింజలు ఓడలెక్కి పోతుంటే జనం చచ్చారు, తప్పు తెగులుది కాదు, భూస్వాములది, సామ్రాజ్యానిది అంటారు. నిజమే. మునిర్కా టీకొట్ల దగ్గర మేమూ అదే అంటాం. మరి మన 1876-78 ధాత కరువు దగ్గరికి వచ్చేసరికి కర్నూలు, కడప, బళ్లారిలో చచ్చినవాళ్లంతా ఉత్త 'రైతులు' ఎలా అయిపోతారు?

రిచర్డ్ టెంపుల్ కరువు కూలిని రోజుకు ఒక పౌండు ధాన్యానికి కుదించాడు. ఆ కథ అందరికీ కంఠస్థం. కానీ ఆ కూలికి ముందుగా చేయి చాచినవాళ్లెవరు? గాదె ఉన్నవాడు గాదె తిన్నాడు, తర్వాత నగలు తాకట్టు పెట్టాడు. మాలపల్లెకు, మాదిగపల్లెకు గాదె ఎక్కడిది? కూలి ఆగిన రోజే పొయ్యి ఆగింది. ఊరి బావి ఎండకముందే వాళ్లకు లేదు. చచ్చిన గొడ్డు మాంసమే దిక్కయింది, అదే మళ్లీ అంటరానితనానికి సాకయింది.

పొయ్యిలోకి కట్టెలో? కరువు పోయిన నాలుగేళ్లకే 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పొలమున్నవాడికి కంప, గొడ్లున్నవాడికి పిడక మిగిలాయి. ఏదీ లేనివాడికి రిజర్వు అడవిలో పుల్ల ఏరడం నేరమైంది.

'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ జైపూర్ సంస్థానంలోని చక్వారా సంగతి చెప్పారు. విందులో నెయ్యి వడ్డించారని అస్పృశ్యుల మీద సవర్ణ హిందువులు లాఠీలతో పడ్డారు. కరువంటే తిండి లేకపోవడం కాదు, దాన్ని పొందే దారి లేకపోవడమని అమర్త్య సేన్ 1981లో రాశారు, మేమంతా పరీక్షల్లో రాశాం. చక్వారాలో నెయ్యి కొన్నారు, వండారు, వడ్డించారు. తిననివ్వలేదు. ఆ సిద్ధాంతం అక్కడ ఏమవుతుందో ఇంతవరకు ఏ సెమినార్లోనూ ఎవరూ అడగగా నేను వినలేదు.