బండి కింద కల్తీని పట్టించుకునేదెవరు?

పాలలో నీళ్లు కలిస్తే లాక్టోమీటరు పట్టి ఇస్తుంది. విత్తనం మొలకెత్తకపోతే రైతు వ్యవసాయాధికారిని నిలదీస్తాడు. కాని కారు కింద బిగించే బుష్షు, బాల్ జాయింటు, షాక్ అబ్సార్బరు, వాటిని పట్టి ఉంచే బోల్టు అసలువో నకిలీవో తేల్చి చెప్పేవారు బందరులోను లేరు, గుడివాడలోను లేరు. దివిసీమ సంగతి చెప్పనే అక్కరలేదు. కొన్న మూడు నెలలకే బండి కింద నుంచి టకటకమని చప్పుడు మొదలైందనే ఫిర్యాదు ఏ మెకానిక్ షెడ్డు వద్ద నిలబడినా వినవచ్చును. దానిని అందరూ నవ్వుతూ చెప్పుకోవటమే విచారకరం.

ఇది నవ్వి ఊరుకునే విషయం కాదు. మనది డెల్టా. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. దానిమీద వేసిన రోడ్డు అలలు తేలుతుంది. 65, 216 నంబర్ల జాతీయ రహదారులు ఎంత బాగుపడినా, వాటిని దిగి ఊరిలోకి మళ్లగానే గోతులు తప్పవు. ఒక పక్క కాలువ, మరొక పక్క పంట బోదె. కృష్ణా కరకట్ట మీద ఎదురుగా బండి వస్తే తప్పుకొనే చోటు ఎంత ఉంటుందో దివి ప్రజలకు వేరే చెప్పాలా? అటువంటి చోట బాల్ జాయింటు ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది. ఆపైన స్టీరింగు ఎంత తిప్పినా ఫలితం ఉండదు. కొన్ని వందల రూపాయలు మిగుల్చుకున్న పాపానికి కుటుంబం మొత్తం కాలువ పాలు కావలసి వస్తుంది.

దీనికి తోడు ఉప్పు గాలి. బందరు, కోడూరు, నాగాయలంక ప్రాంతాల్లో ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో అందరికీ తెలుసు. ఇక చేపలు, రొయ్యలు మోసే వ్యాన్ల సంగతి వేరు. ట్రేల నుంచి కారిన ఉప్పునీరు కమాను కట్టల మీద, యూ బోల్టుల మీద పడుతూనే ఉంటుంది. షాక్ అబ్సార్బరు కడ్డీకి పలుచని క్రోమియం పూత వేసి అమ్మితే, ఆ పూత లేచి, గరుకు తేలి, సీలును కోస్తుంది. ఆయిలు కారిపోతుంది. స్ప్రింగు చుట్టకు రంగు సరిగా పట్టకపోతే, బురద నిలిచే కింది చుట్టలో తుప్పు గుంట పడుతుంది. ఆ గుంటే పగులై, ఒకనాడు స్ప్రింగు ఫట్టుమంటుంది. ఎండు ప్రాంతంలో రెండేళ్లు నెట్టుకొచ్చే నాసి సరుకు మన దగ్గర ఒక్క వానాకాలం కూడా ఆగకపోవటానికి కారణమిదే.

కంపెనీ సరుకు కానిదల్లా నాసిరకమని అనటం అన్యాయం. కార్ల కంపెనీలకు భాగాలు తయారుచేసి ఇచ్చే సంస్థలే వాటిని తమ సొంత పేరుతో, తక్కువ ధరకు బజారులో అమ్ముతాయి. అవి మంచివే. వేరే తయారీదారులు తమ పేరు, చిరునామా వేసుకొని అమ్మేవి రెండవ రకం. వాటిలో మంచీ ఉంది, చెడూ ఉంది. మూడవ రకమే ప్రమాదకరం. పేరున్న కంపెనీ పెట్టెను అచ్చుగుద్దినట్లు ముద్రించి, లోపల ఊరూ పేరూ లేని సరుకు పెడతారు. విజయవాడ జవహర్ ఆటోనగర్ వంటి పెద్ద బజారులో ఈ మూడు రకాలనూ విడదీసి చూడగల నేర్పు సామాన్యుడికి ఎక్కడిది?

లోపం కంటికి కనపడదు. స్ప్రింగు ఉక్కును ఎర్రగా కాచి, నూనెలో చల్లార్చి, తిరిగి తగు వేడిలో పదును పెట్టాలి. ఆ చివరి పని ఎగ్గొడితే ఉక్కు గాజులా పెళుసెక్కుతుంది. అసలు పదునే లేకపోతే నాలుగు రోజుల్లో కుంగిపోతుంది. పైన నల్లరంగు వేస్తే రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. బోల్టు తల మీద 8.8 లేక 10.9 అని అంకె ఉంటుంది. 8.8 అంటే ఆ బోల్టు చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల లాగుడు తట్టుకోవాలని అర్థం. అంకెతో పాటు తయారీదారు గుర్తు కూడా ఉండాలి. అంకె ఉండి గుర్తు లేకపోయినా, రెండూ లేకపోయినా అనుమానించవలసిందే.

సరుకునొక్కదానినే తప్పు పట్టి ప్రయోజనం లేదు. బండిని జాకీ మీద లేపి, చక్రం వేలాడుతుండగానే బుష్షు బోల్టును చివరిదాకా బిగించే మెకానిక్కులు మనలో ఎందరో ఉన్నారు. బండిని కిందికి దించగానే ఆ రబ్బరు మెలితిరిగి, ఆ మెలికలోనే రోజంతా పనిచేసి, త్వరలో చిరిగిపోతుంది. బండి బరువు చక్రాల మీద పడిన తరువాతనే ఆ బోల్టు బిగించాలి. పాత నట్టునే మళ్లీ వాడటం మరొక దురలవాటు. ఇవి తెలియక జరిగేవే గాని కావాలని చేసేవి కావు. కొట్టువాడు ఇచ్చే కమీషను కోసం నాసి సరుకును సిఫారసు చేయటం మాత్రం తెలిసి చేసే పనే.

కొనేవారికీ బాధ్యత ఉన్నది. “బిల్లు వద్దు, ధర తగ్గించు” అనేది మన బేరంలో మొదటి మాట. మోటారు విడిభాగాల మీద 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. అయినా ఆ అలవాటు పోలేదు. బిల్లు లేకపోతే ఆ సరుకు ఆ కొట్టులో కొన్నట్లు రుజువేది? దొరికితే దొంగ, దొరకకపోతే దొర అన్న సామెత అటువంటి వ్యాపారికి సరిగ్గా సరిపోతుంది. అతనిని దొరను చేస్తున్నది మనమే.

చట్టానికి లోటు లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం లోపమున్న సరుకువల్ల కలిగిన నష్టానికి తయారీదారును, తగిన సందర్భాలలో అమ్మినవారిని, బిగించినవారిని కూడా బాధ్యులను చేస్తున్నది. సరుకు విజయవాడలో కొన్నా, కొన్నవాడు కృష్ణా జిల్లా వాసి అయితే మచిలీపట్నంలోని జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫీజు లేదు. స్వయం ఉపాధికి బండి నడుపుకునేవారు కూడా వినియోగదారులే. 1915 నంబరుకు ఫోను చేసినా సలహా దొరుకుతుంది. ఇక నకిలీ ట్రేడ్ మార్కు వేసేవారికి 1999 చట్టం కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు శిక్ష, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చును.

కావలసింది కదలిక. తూనికలు కొలతల శాఖవారు పెట్రోలు బంకులు, కిరాణా కొట్లతో పాటు విడిభాగాల దుకాణాలనూ తనిఖీ చేయాలి. పెట్టె మీద తయారీదారు చిరునామా, నెల, సంవత్సరం, గరిష్ఠ ధర లేని సరుకును ఉపేక్షించరాదు. రవాణా శాఖవారు ఫిట్‌నెస్ పరీక్షలో దీపాలు, హారనుతో సరిపెట్టక బండి కిందికి కూడా తొంగిచూడాలి. మన ప్రాంతంలో మెకానికల్ విభాగాలున్న పాలిటెక్నిక్కులు, ఇంజనీరింగు కళాశాలలు ఉన్నవి. ఉక్కు కాఠిన్యం కొలిచే యంత్రం ఉన్న కళాశాల నెలకొక రోజు మెకానిక్కులకు తలుపు తెరిచి, అనుమానమున్న స్ప్రింగును, బోల్టును పరీక్షించి చెబితే పోయేదేమీ లేదు. విద్యార్థులకూ అదొక పాఠం అవుతుంది.

అంతవరకు వాహనదారులు చేయగలిగినవి కొన్ని ఉన్నవి. పార్టు నంబరు రాసిన బిల్లు అడిగి తీసుకోవాలి. విప్పిన పాత భాగాన్ని కొత్తదాని పక్కన పెట్టి చూడాలి. ఉప్పునీటిలో తిరిగిన బండి అడుగును మంచినీటితో కడగాలి. కమాను కట్ట కూడా కొనే వస్తువే. పది రూపాయల సబ్బు కొన్నప్పుడు పెట్టె తిప్పి ధర చూసే మనం, ప్రాణాన్ని మోసే ఇనుమును కొనేటప్పుడు కళ్లు మూసుకోవటం ఏమి తెలివి?