పోయింది గొర్రె కాదు, ఎద్దు

మా సంఘంలో ఒక సహోదరుడున్నాడు. హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటుకు రాత్రి వాచ్‌మన్. ఇంటికీ డ్యూటీకీ మధ్య 9 కిలోమీటర్లు. ఆయన వెళ్లే వేళకు, వచ్చే వేళకు బస్సు కుదరదు. ఆటో ఎక్కితే ఆ రోజు జీతంలో పెద్ద ముక్క దానికే పోతుంది. అందుకే సైకిలు. గత ఏడాది ఒక ఆదివారం డ్యూటీ దిగి, నిద్ర మానుకుని, నేరుగా ఆరాధనకొచ్చాడు. ఆవరణ కార్లతో నిండిపోయిందని మా వాలంటీర్లే సైకిలును గేటు బయట పెట్టించారు. ఆశీర్వాదం అయ్యాక బయటికెళ్లి చూస్తే సైకిలు లేదు. తెగిన గొలుసు మాత్రం గోడ పక్కన పడి ఉంది.

మేము ఆయన భుజం తట్టి, ‘దేవుడు ఇంతకంటే మంచిది ఇస్తాడు తమ్ముడూ, స్తోత్రం చెప్పు’ అన్నాం. ఆయన నెమ్మదిగా, ‘అయ్యగారూ, తీసుకుపోయింది దేవుడు కాదండీ, దొంగ’ అన్నాడు. సెమినరీలో చదివిన వేదాంతమేదీ ఆ మాటకు జవాబుగా నోటికి రాలేదు.

మరునాడు ఆయనతో పోలీస్ స్టేషన్‌కు వెళ్లాం. ‘పాత సైకిలేగా, దొరికితే చెబుతాం లెండి’ అన్నారు. ఫిర్యాదు కాగితం తీసుకోవడానికే ఒక పూట పట్టింది. మోటారు సైకిలుకైతే నంబరు ప్లేటుంది, ఆర్సీ ఉంది, బీమా ఉంది. సైకిలుకు ఉన్నదల్లా పెడళ్ల ఇరుసు దగ్గర ఫ్రేము మీద కొట్టిన నంబరు. అది రాసి పెట్టుకునేదెవరు? మా సహోదరుడూ రాసుకోలేదు.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత దొంగతనానికి 3 ఏళ్ల దాకా జైలు శిక్ష చెబుతోంది. అయితే పోయిన సొత్తు విలువ 5 వేల రూపాయల లోపుండి, దొంగకు పడిన శిక్ష అదే మొదటిదై, సొత్తునో దాని విలువనో తిరిగిచ్చేస్తే సమాజ సేవతో సరిపెట్టమంది. మాకిది నచ్చింది. తిరిగి ఇప్పించడమన్నది మోషే ధర్మశాస్త్రానికి దగ్గరి మాట. కాని విలువ కట్టడంలోనే ఉంది చిక్కంతా. గొర్రెను దొంగిలించి అమ్మినవాడు నాలుగు గొర్రెలివ్వాలి, ఎద్దును దొంగిలించి అమ్మినవాడు ఐదు ఎద్దులివ్వాలి అంటుంది నిర్గమకాండము 22వ అధ్యాయం. గొర్రెకు నాలుగైతే ఎద్దుకు ఐదెందుకు? పూర్వపు యూదు పండితుడు రబ్బీ మెయిర్ దీనికి చెప్పిన వివరణ మాకు చాలా ఇష్టం. ఎద్దు పొలంలో పనిచేస్తుంది, దాన్ని తోలుకుపోయినవాడు యజమాని పనిని కూడా ఆపేశాడు, కాబట్టి ఒకటి ఎక్కువ. దేవుని దృష్టిలో కష్టానికి ఉన్న విలువ అది.

వాచ్‌మన్ సైకిలు, కూరగాయలమ్మే అమ్మ సైకిలు, పాలు పోసే అబ్బాయి సైకిలు గొర్రెలు కావు, ఎద్దులు. స్టేషన్లో గొర్రె లెక్క వేశారు. అంతకుముందే గుడిలో మేమూ అదే లెక్క వేశాం. రసీదు లేకుండా వెయ్యికో పదిహేనొందలకో వచ్చిన సైకిలు కొని, బేరం కుదిరిందని ప్రభువుకు స్తోత్రం చెల్లించే విశ్వాసులు మనలో లేరా? దొంగతో పాలు పంచుకునేవాడు తనకు తానే శత్రువని సామెతల గ్రంథం చెప్పింది ఇలాంటివారి గురించే.

1948లో ఇటలీ దర్శకుడు విట్టోరియో డి సికా తీసిన ‘బైసికిల్ థీవ్స్’లో రోమ్ నగరపు పేదవాడొకడు గోడలకు పోస్టర్లు అంటించే పనిలో చేరిన మొదటి రోజే సైకిలు పోగొట్టుకుంటాడు. దొంగ ఆచూకీ తెలిసిన ముసలివాడి వెంటపడి ఒక చర్చిలోకి వెళతాడు. అక్కడ పేదలకు అన్నం పెట్టే ధర్మాత్ములే ఆరాధన జరుగుతోందంటూ అతని నోరు మూయించబోతారు. మాకిప్పుడు ఆ సన్నివేశం తలచుకుంటే మా గేటే కనిపిస్తుంది.

సంఘ కమిటీలో చందా మాట ఎత్తితే, ‘ఒకరికిస్తే రేపు అందరూ అడుగుతారు’ అన్నారు ఒక పెద్దాయన. అడగనివ్వండి అన్నాం. కొత్త సైకిలు కొన్నాం. ఆవరణలో రెండు కార్ల చోటు తీసేసి, సైకిళ్లు కట్టుకోవడానికి ఇనుప కడ్డీ పాతించాం. కార్లవారిద్దరు మూడు వారాలు అలిగారు. మా సహోదరుడు మాత్రం ఆవరణ లోపల కూడా రెండు గొలుసులు వేసి, రెండుసార్లు లాగి చూసుకున్నాకే ఆరాధనలో కూర్చుంటున్నాడు.